ఇంటి ముందు గడ్డి ఏ ఆవుకు?

మన పడమటి మండలాల్లో గడ్డి అంటే పాడి. పొద్దున గట్ల మీద కోసుకొచ్చిన మోపు కొట్టంలో పడితే సాయంత్రానికి పాలకేంద్రంలో లెక్కకొస్తుంది. బీట్లో దొరికింది మేసి, కొద్దిపాటి నీళ్లతో బతికే పుంగనూరు పొట్టి ఆవు పుట్టిన నేల ఇది. అలాంటిచోట, చౌడేపల్లె నుంచి మదనపల్లె దాకా కొత్తగా లేస్తున్న ఇళ్ల ముందు, ఏ ఆవూ నోరు పెట్టని గడ్డికి పైపు పట్టి నీళ్లు పోస్తున్నాం. బెంగళూరులో ఉద్యోగం చేసి వచ్చి ఇల్లు కట్టుకున్న మనవణ్ని పట్టుకుని "ఈ గడ్డి ఏ ఆవుకు నాయనా?" అని అవ్వ అడిగితే దాన్ని చాదస్తమని తీసిపారేయకండి. ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న గురించే.

ఇంటి ముందు పచ్చగా, చల్లగా ఉండాలన్న కోరిక మంచి కోరిక. దాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ పచ్చదనమంటే తివాచీలా పరిచిన కొరియన్ గడ్డే అని మనకెవరు చెప్పారు? విల్లాల బ్రోచర్లు చెప్పాయి, సినిమాలు చెప్పాయి. మన నేల చెప్పలేదు. ఇల్లు మనది, ఎండ మనది, బోరు మనది అయినప్పుడు వాకిలి మాత్రం ఇంకొకరిని చూసి ఎందుకు పెట్టుకోవాలి?

ముందు నీళ్ల లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. ఏప్రిల్, మే ఎండల్లో లాన్ పచ్చగా నిలవాలంటే రోజుకు సుమారు అయిదు మిల్లీమీటర్ల తడి కావాలి. సెంటు అంటే 40 చదరపు మీటర్ల పైచిలుకు. అంటే సెంటు గడ్డికి రోజుకు 200 లీటర్లు. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్క కట్టింది. తాగడం, వంట, స్నానం, బట్టలు, అన్నీ అందులోనే. ఆ లెక్కన సెంటు లాన్ ముగ్గురు నలుగురు మనుషుల వాటా తాగేస్తుంది. అయిదు వేల లీటర్ల ట్యాంకరు తెప్పించి పూర్తిగా దానికే పోసినా 25 రోజులకు మించి రాదు.

ఆ నీళ్లు ఎక్కడివో కూడా గుర్తుంచుకోవాలి. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు జాతి గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలోకి ఏళ్ల తరబడి ఇంకిన వాన నీళ్లే బోర్లో పడతాయి. వెయ్యి అడుగులు వేసినా దుమ్ము తప్ప తడి కనపడని బోర్ల కథ ఈ ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. హంద్రీ-నీవా కాలువ 2025లో కుప్పం దాకా కృష్ణా నీళ్లు తెచ్చింది, సంతోషమే. కానీ అవి శ్రీశైలం జలాశయం నుంచి మెట్టు మెట్టుగా మోటార్లతో ఎత్తి, వందల కిలోమీటర్లు పారించి తెచ్చిన నీళ్లు. టమోటా మడిలో డ్రిప్పు పరిచి, షీటు కప్పి, మొక్క మొదట్లో తడి చూసుకుని వాల్వు కట్టేసే రైతే, ఇంటికొచ్చి లాన్ మీద పైపు తిప్పి వదిలేస్తున్నాడు. పొలంలో ఉన్న తెలివి వాకిట్లోకి కూడా రావాలి.

లాన్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాన్ని వదులుకోవడం సులువవుతుంది. ఇంగ్లండులో ఏడాది పొడుగునా జల్లు జల్లుగా వాన పడుతుంది, ఎండ మెత్తగా ఉంటుంది. అక్కడ గడ్డికి ఎవరూ నీళ్లు పోయనక్కర్లేదు, కోస్తే చాలు. గొర్రెలను మేపో, కొడవళ్లతో కూలీలను పెట్టో కోయించగలిగిన పెద్ద ఎస్టేట్ల దొరలకు అది హోదా. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాక అది మధ్యతరగతి ఇళ్లకు పాకింది, అమెరికాకు పోయింది. ఇప్పుడు ఆ అమెరికాలోనే నీళ్లు చాలని ఊళ్లు లాన్లను పీకేస్తున్నాయి. కొలరాడోలోని డెన్వర్ నగర నీటి సంస్థ 1981లోనే తక్కువ నీళ్లతో తోటలు పెంచే పద్ధతికి ప్రచారం మొదలుపెట్టింది. లాస్ వేగాస్‌లో గడ్డి తీసేస్తే చదరపు అడుగుకు ఇంతని డబ్బిస్తారు. ఆ ఊరున్న నెవాడా రాష్ట్రం 2021లో చట్టం చేసి, వీధుల మధ్యా ఆఫీసుల ముందూ కేవలం అలంకారానికి పెంచే గడ్డికి కొలరాడో నది నీళ్లు 2026 ఆఖరు తర్వాత వాడకూడదంది. మనవాళ్లు వేలల్లో ఉంటున్న డల్లాస్ వైపు, కాలనీ సంఘాలు కరువుకు తట్టుకునే మొక్కలు పెంచుకునేవాళ్లను అడ్డుకోవడానికి వీల్లేదని టెక్సాస్ 2013లో చట్టం చేసింది. వాళ్లు వదిలించుకుంటున్న దాన్ని మనం అప్పు చేసి తెచ్చుకోవాలా?

విసుగులో చేసే రెండు పనులు

లాన్‌తో విసిగినవాళ్లు చేసే మొదటి పని గేటు నుంచి గడప దాకా కాంక్రీటు పోసేయడం, లేదా టైల్సు పరచడం. కసువు ఊడ్చుకోవడం తేలిక, బురద ఉండదు అంటారు. నిజమే. కానీ పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి దాకా ఆ వేడిని ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. టైల్సయితే తొలి వానకే పెద్దవాళ్లు జారిపడతారు. ఇంకా పెద్ద నష్టం కంటికి కనపడదు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకుంటే ఒక సెంటు మీద పడేది 28 వేల లీటర్లు. మట్టి ఉంటే అందులో కొంతైనా నేలలోకి దిగుతుంది. మూసేస్తే దాదాపు మొత్తం వీధి కాలువలోకి పోతుంది. ఇంకుడు ఏర్పాటు ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం ఊరికే చెప్పలేదు. వాన నీళ్లను బయటికి తోలి, వేసవిలో ట్యాంకరుకు డబ్బు కట్టడం కంటే పెద్ద దుబారా నాకు కనపడదు.

రెండోది ప్లాస్టిక్ గడ్డి. చుట్టగా తెచ్చి పరిచేస్తారు, సాయంత్రానికి పచ్చగా కనపడుతుంది. మన వేసవి మధ్యాహ్నం దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటిపోగలదు. పసిబిడ్డ చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేడు. దుమ్ము పోవడానికి కడగాలి, వేడి తగ్గడానికి తడపాలి. అంటే నీళ్లు మిగలవు. కొన్నేళ్లకు పోగులు ఊడి మట్టిలో కలుస్తాయి. దీన్ని ఎవరు ఎంత చౌకగా ఇస్తామన్నా వద్దనండి.

వాకిట్లో ఏం జరుగుతుందో ముందు చూడండి

ఏ మొక్క పెట్టాలి, ఏ రాయి పరచాలి అని అడిగేముందు, ఒక వారం పాటు మీ వాకిట్లో మనుషులు ఎక్కడ నడుస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎండ ఏ వేళకు ఎక్కడుంటుంది అని గమనించండి. మన వాకిలి చూడటానికి మాత్రమే ఉన్నది కాదు.

చింతపండు కాలంలో పుంగనూరు, చౌడేపల్లె పల్లెల్లో చూడండి. పెంకు తీసిన చింతకాయలు ఒక గోతం మీద కుప్పగా ఉంటాయి. ఇంట్లో ఆడవాళ్లు, పక్కింటి వాళ్లు, ఒక అవ్వ గుండ్రంగా కూర్చుంటారు. ఎదురుగా ఒక నున్నటి రాయి, చేతిలో చిన్న సుత్తి. కాయను రాతి మీద పెట్టి ఒక దెబ్బ, పక్కకు తిప్పి ఇంకో దెబ్బ. గింజ బయటికి దూకుతుంది, ఈనె వేలికి చుట్టుకుని ఊడి వస్తుంది. పండు ఒక బుట్టలోకి, గింజలు ఇంకో బుట్టలోకి. ఈ పని లాన్ మీద కుదరదు, కాలే కాంక్రీటు మీద అసలు కుదరదు. గట్టి నేల కావాలి, పైన చెట్టు నీడ కావాలి. శెనక్కాయలు వలవడానికీ, వడియాలు పెట్టడానికీ, పెళ్లికి పందిరి వేయడానికీ, ఎవరైనా పోతే నలుగురూ వచ్చి కూర్చోవడానికీ కావలసింది కూడా అదే.

అందుకే నా మొదటి సలహా పాత వాకిలే. గరుసు మన్ను రెండు మూడంగుళాల మందాన పోసి, తడిపి, దిమ్మిసతో బాగా కొట్టించండి. ఇంటి గోడ నుంచి బయటికి, పది అడుగులకు రెండంగుళాల వాలు ఉండేలా చూసుకోండి. ఈ వాలు లేకపోవడం వల్లే మట్టి వాకిలి బురదవుతుంది. తప్పు మట్టిది కాదు. తర్వాత కసువు ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గు వేసుకోవడమే. దీనికి ఖర్చు తక్కువ, రిపేరు వస్తే ఒక తట్టెడు మన్ను చాలు.

ఎక్కువ తొక్కే దారుల్లో రాయి పరచండి. మనకు రాతికి కరువు లేదు. కుప్పం వైపు గ్రానైటు కోసే యూనిట్ల దగ్గర అంచు ముక్కలు పడి ఉంటాయి, అడిగితే తక్కువకే ఇస్తారు. పాలిష్ పట్టనివే తీసుకోండి. నాలుగంగుళాలు మట్టి తీసి, రెండంగుళాలు రాళ్లపొడి పరిచి, దాని మీద రాయి కూర్చోబెట్టాలి. సిమెంటు వద్దు. రాయికీ రాయికీ మధ్య రెండంగుళాల సందు వదిలితే అందులోంచి నీళ్లు ఇంకుతాయి, సందులో పచ్చగా ఏదైనా పెరుగుతుంది. పరిచిన ప్రతి రాయి మీదా నాలుగు మూలలా నిలబడి చూడండి. ఊగితే ఎత్తి, కింద పొడి సరిచేసి మళ్లీ పెట్టించండి. మేస్త్రీ "సర్దుకుంటుందిలే సార్" అంటాడు. సర్దుకోదు.

జల్లి పరచడం కూడా మంచి దారే, ముఖ్యంగా ఎవరూ తొక్కని గోడ వారల్లో. రెండంగుళాల మందం చాలు. కింద ప్లాస్టిక్ షీటు మాత్రం పరచొద్దు; నీళ్లు దిగవు, పైన చేరిన దుమ్ములోనే కలుపు మొలుస్తుంది. వేపచెట్టు కింద జల్లి వేయొద్దు. శివరాత్రి తర్వాత రాలే ఆకును రాళ్ల మధ్య నుంచి ఊడ్చడం ఎవరి తరమూ కాదు.

పచ్చదనం కావలసినచోట

తొక్కని చోట, కళ్లకు పచ్చగా కావలసిన చోట, మన నేలకు అలవాటైన పాకుడు మొక్కలు ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది బొక్కెనాకు. నర్సరీల వాళ్లు లిప్పియా అంటారు. చెరువు కట్టల మీద, మడి గట్ల మీద ఎప్పుడో చూసే ఉంటారు. చిన్న ఆకు, అంచున పళ్లు, నేలకు అంటుకుని పాకే తీగ. కణుపు కణుపుకూ వేరు దించుతుంది కాబట్టే ఎండకు తట్టుకుంటుంది. పొట్టి కాడ చివర గుండీ అంత పూగుత్తి, చుట్టూ వరసగా తెలుపూ లేత ఊదా రంగు పూలు. సీతాకోకచిలుకలు, తేనెటీగలు వస్తాయి. చెప్పుల్లేకుండా ఆడే పిల్లలుంటే దారికి కాస్త దూరంగా పెంచండి. అడుగుకొక కొమ్మ గుచ్చి, మొదటి వానాకాలం పట్టించుకుంటే నేలను కప్పేస్తుంది. బెత్తెడుకు మించి ఎదగదు, కోత మిషను పని లేదు. వేర్లు పట్టాక వేసవిలో వారానికో పదిరోజులకో ఒక తడి ఇస్తే సరిపోతుంది.

గడ్డే కావాలి అనేవాళ్లకు గరిక ఉంది. వినాయకుడికి పెట్టే గరికే. వేసవిలో గోధుమ రంగుకు తిరుగుతుంది. చచ్చిపోయిందని కంగారుపడి నీళ్లు కుమ్మరించకండి, అది నిద్రపోయినట్టు. ఒక్క మంచి వాన పడితే వారంలో లేస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా గోధుమ రంగు వాకిలిని చూసి ఓర్చుకోగలిగితే ఇంతకంటే తేలికైన గడ్డి లేదు. పైగా కోసింది ఆవుకు వేయొచ్చు, మందులు కొట్టనంతవరకు.

టేబుల్ రోజాలు ఎండ కాచేకొద్దీ పూస్తాయి. వాటి చుట్టమైన గంగపాయల ఆకు తానే మొలుస్తుంది, పప్పులోకి వస్తుంది, పీకేయకండి. విష్ణుక్రాంత నీలిపూలు రాళ్ల సందుల్లో చక్కగా ఉంటాయి. కలబంద, నిమ్మగడ్డి ప్రహరీ వారగా పెట్టుకోవచ్చు. ఒక్క వెడేలియా విషయంలో జాగ్రత్త: పసుపుపూల ఆ తీగ నర్సరీలో చవగ్గా దొరుకుతుంది, బాగా కప్పుతుంది, తర్వాత ఆగదు. గోడ దాటి కాలువల్లోకి పోయి మిగతా మొక్కల్ని మింగేస్తుంది. ఇక వయ్యారిభామ ఎక్కడ కనపడినా పూతకు రాకముందే, చేతికి కవరు తొడుక్కుని వేరుతో పీకాలి. దద్దుర్లు, ఆయాసం తెచ్చే మొక్క అది.

పాములు వస్తాయేమో అని చాలామంది ఆడవాళ్లు అడుగుతారు. సరైన భయమే. గడప ముందు ఆరడుగుల మేర ఏ మొక్కా లేకుండా, రాయో గట్టి మన్నో ఉంచండి. రాళ్ల కుప్పలు, కట్టెల మోపులు గోడకు ఆనించొద్దు. పాకుడు మొక్కలు బెత్తెడు లోపలే ఉండాలనడం కూడా అందుకే.

అన్నిటికంటే ముఖ్యం చెట్టు. బోయకొండ గంగమ్మ గుడికి ఎక్కేటప్పుడు కొండ వైపు చూడండి. బండల మధ్య తంగేడు, సీతాఫలం, కానుగ, కలేకాయ పొదలు. వాటికి ఎవరు నీళ్లు పోశారు? మదనపల్లె దగ్గర, ఆ ఊళ్లోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన రిషివ్యాలీలో, ఎండి బోడిగా ఉన్న లోయను దశాబ్దాల పాటు చెట్లు నాటి, వాన నీళ్లను ఆపి పచ్చగా చేశారు. ఇప్పుడది పక్షుల నెలవు. మన వాకిట్లో అంత జాగా లేదు, కానీ ఒక చెట్టుకుంది. పడమటి వైపు, గోడకు పదిహేను అడుగుల దూరంలో ఒక కానుగో వేపో పెట్టండి. రెండూ ఎండలు ముదిరే వేళకే లేతాకు వేసి నీడ సిద్ధం చేస్తాయి. జాగా తక్కువైతే పొగడ. కింద పాదులో శెనక్కాయ పొట్టు పరిస్తే తడి ఆరదు; చెదలు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి గోడల దగ్గరకు మాత్రం రానివ్వొద్దు. తంగేడు కంచెగా పెడితే పసుపు పచ్చగా పూస్తుంది, మేకలు కూడా పెద్దగా ముట్టవు.

ఇప్పటికే లాన్ ఉన్నవాళ్లు దాన్ని తవ్విపోయక్కర్లేదు. ఏప్రిల్‌లో నీళ్లు ఆపేయండి. రోహిణి కార్తె దాటేదాకా నల్ల షీటు కప్పి అంచులకు రాళ్లు పెట్టండి. టమోటా మడిలో వాడి తీసేసిన షీటైనా, చిరుగులు లేకపోతే పనికొస్తుంది. ఎండకు కింద గడ్డి చచ్చిపోతుంది. రాతి పని ఆ నెలల్లోనే చేయించుకోండి, మొక్కలు మాత్రం తొలకరి తర్వాత పెట్టండి. మనకు అదృష్టం ఏమిటంటే జూన్‌లో తప్పినా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మళ్లీ వానలున్నాయి. పడమటి మండలాల్లో మొక్క నాటడానికి నా దృష్టిలో అదే మేలైన కాలం. అంతా ఒకేసారి మార్చొద్దు. ఈ ఏడాది దారి, చెట్టు. వచ్చే ఏడాది పాకుడు మొక్కలు.

ఏది పెట్టాలో తేల్చుకోలేకపోతే ఒక పరీక్ష ఉంది. టమోటా కోతలు, పిల్లల పరీక్షలు, ఆస్పత్రి పనులు అన్నీ ఒక్కసారి మీద పడ్డ వారాన్ని ఊహించుకోండి. ఆ వారం మీరు వాకిలి వైపు కన్నెత్తి చూడకపోయినా బతికేదే మీది. తీరిక ఉన్న ఆదివారాన్ని తలుచుకుని తోట పెట్టినవాళ్లకు ఆ తోట అప్పులా తయారవుతుంది. చుట్టాలెవరైనా "అంత ఇల్లు కట్టి ముందు మట్టి వదిలేశారేమి?" అంటే బాధపడకండి. చెట్టు కింద కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, మే నెల మధ్యాహ్నం అక్కడే కూర్చోబెట్టండి.

ఇప్పుడు ఇల్లు కడుతున్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ప్రహరీ పని అయిపోగానే మిగిలిన జల్లీ సిమెంటూ కలిపి ముందు జాగాలో పోసేయడం మేస్త్రీలకు అలవాటు. మీరు ఊళ్లో లేని రోజున అది జరిగిపోతుంది. అందుకని శ్లాబు వేసే నాటికే కాగితం మీద గీసి ఇవ్వండి: కారు చక్రాలకు రెండడుగుల వెడల్పుతో రెండు పట్టీలు, గడపకు ఒక రాతి దారి, మిగతాదంతా మన్ను. చెట్టు పెట్టబోయే చోట ఒక ఇనుప మేకు దిగ్గొట్టి, దానికి ఎర్ర గుడ్డ కట్టి, ఇక్కడ ఇసుక కూడా దించొద్దని చెప్పండి.